పఠన మందిరంలో నేను పెట్టిన సంతకాలు

ఆ వీడియోలో నేను మాట్లాడింది నిమిషం కూడా ఉండదు. అయినా నాకు తెలిసినవాళ్లలో దాన్ని చూడనివాళ్లు లేరు. డెబ్బై ఏళ్లు దాటిన నా బతుకులో నేను చదివిందీ, రాసిందీ, వాదించిందీ అంతా ఎటో పోయింది. జనం దగ్గర నా పేరున మిగిలింది ఆ నిమిషమే. దాని గురించి ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. అడిగినప్పుడు చెప్పలేదు కాబట్టి, అడగనప్పుడైనా రాయాలని కూర్చున్నాను.

ఆరోజు కళ్లద్దాలు మార్పించుకోవడానికి హిందూపురం పోయాను. కొత్త అద్దాలు పెట్టుకుని బస్టాండు బయట చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాను. ఒక పాతికేళ్ల మనిషి కర్రకు ఫోను తగిలించుకుని, చేతిలో మైకు పట్టుకుని, వచ్చేపోయేవాళ్లను నిలబెట్టి మాట్లాడిస్తున్నాడు. ఆ ఊరి యూట్యూబ్ ఛానల్ వాడు. నా దగ్గరికొచ్చాడు.

"తాతా, ఒక్క మాట. ఈ కాలంలో పేపరు, పుస్తకం ఎవరన్నా చదువుతాండారంటావా?"

"యాల చదవరు? నేను చదువుతాండా. బడికి నాలుగేండ్లు గూడ పోలే. అయినా దినామూ రెండు పేపర్లు చివరి గీత దాకా చదువుతా."

ఆపైన మొదలుపెట్టాను. పత్రికలు ఎట్లా ఉండేవి, పాఠకుడికి ఏం విలువ ఉండేది, ఇప్పుడు ఒక్కో పార్టీకి ఒక్కో పేపరు ఎట్లా అయింది, అన్నీ. చెప్పవలసిన మాటలే. కానీ ఆ మనిషి చూపు నా భుజం మీదుగా, రసం తాగుతున్న కాలేజీ పిల్లల మీదికి పోతోంది. మైకు నా నోటి దగ్గర నుంచి మెల్లగా కిందికి దిగుతోంది. ఇంకో రెండు మాటలయ్యాక 'థ్యాంక్స్ తాతా' అంటాడని నాకు అర్థమైంది. అప్పుడు అన్నాను.

"మా ఊర్లో పఠన మందిరం ఉండాది. పొయ్యి చూడు. రిజిస్టర్లో దినానికి ముప్పై సంతకాలుంటాయి. లోపల కూర్చునేది ముగ్గురు ముసలోళ్లం. తక్కిన సంతకాలు యాడ నుంచి వస్తాండాయి? దయ్యాలొచ్చి పెడ్తాండాయా? ఆడ జీతం తీసుకునేటోళ్లను అడగండి!"

మైకు పైకి లేచింది. ఆ మనిషి కళ్లు నా ముఖం మీదికి వచ్చాయి.

"తాతా, ఇదే మాట ఇంకోసారి చెప్పు. రవ్వంత గట్టిగా."

ఇంకోసారి చెప్పాను. గట్టిగా, చెయ్యి ఊపుతూ చెప్పాను. వాళ్లు వాడుకున్నది ఆ రెండోదాన్నే.

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. చెప్పనిది ఒక్కటే. ఆ దొంగ సంతకాలు పెట్టేది నేనే.

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మాది పెనుకొండకూ హిందూపురానికీ మధ్య ఒక మెట్ట ఊరు. మా నాయన గొర్రెలు కాసేవాడు. గొర్రెలకు రోగమొచ్చి మంద సగానికి సగం పోయిన ఏడు నన్ను ధర్మవరంలో ఒక మగ్గాల ఇంట్లో కండెలు చుట్టే పనికి పెట్టాడు. ఆ వీధికంతా ఒకటే పేపరు వచ్చేది. మగ్గం గుంతలో కాళ్లు, పడుగు మీద చేతులు ఉన్నవాళ్లు పేపరు ఎట్లా చదువుతారు? అందుకు నడుము పోయి మగ్గం దిగిన ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని, మగ్గాల చప్పుడును మించి గొంతు పెట్టి, మొదటి పేజీ నుంచి సంతల ధరల దాకా చదివేవాడు. లోపల నుంచి కేకలు వచ్చేవి. "ఇంకోసారి చదువన్నా!" "అది అట్ల కాదు, తప్పు రాసినారు!" తప్పు రాశారని నలుగురు ఒప్పుకుంటే ఆయన పోస్టుకార్డు తీసేవాడు. వీధంతా తలా ఒక మాట చెబితే ఆయన రాసేవాడు. ఒకసారి నేతవాళ్ల గురించి పేపరువాళ్లు తప్పు రాస్తే, మా వీధి కార్డు పోయిన పది రోజులకు లోపలి పేజీలో, కింద మూలన, పొరపాటుకు చింతిస్తున్నామని రెండు గీతలు వేశారు. ఆ రెండు గీతలను ఆయన నాలుగుసార్లు చదివాడు. మగ్గాలు ఆగిపోయాయి. ఎక్కడో ఉండే అంత పెద్ద సంస్థ మా వీధికి జవాబు చెప్పింది!

నేను తడుముకోకుండా చదవడం నేర్చుకున్నది ఆ అరుగు మీదే, ఆయన వేలు పోయిన గీత వెంట చూస్తూ. ఊరికి తిరిగొచ్చి సేద్యం చేసినా, తర్వాత పెనుకొండలో గోడౌనుకు వాచ్‌మన్‌గా పోయినా, కార్డులు రాయడం మానలేదు. నీళ్లు రాకుంటే రాశాను, బస్సు ఆపకుంటే రాశాను, తిథి తప్పు వేసినా రాశాను. పదింటికి ఒకటి అచ్చయ్యేది. రేడియోలో శ్రోతల ఉత్తరాలు చదివే కార్యక్రమంలో నా పేరూ మా ఊరి పేరూ చదివిన సాయంత్రం మా అవ్వ రేడియోకు దండం పెట్టింది. నేనూ ఇంచుమించు అదే పని చేశాను, మనసులో.

తర్వాత కార్డులకు జవాబులు తగ్గాయి. ఉత్తరాల శీర్షిక అర పేజీ నుంచి పావు పేజీకి, అక్కడి నుంచి అగ్గిపెట్టెంతకు వచ్చింది. మా మండలం విలేకరి ఒకసారి నన్ను పట్టుకుని, "వార్త యాడ అడుగుతావులే పెద్దాయనా, నాయకుని పుట్టినరోజుకు ప్రకటన ఇచ్చేటోళ్లుంటే చూపించు" అన్నాడు. అతణ్ణి నేను తిట్టాను. అతనికి జీతం ఇవ్వరనీ, ప్రకటన తెస్తేనే బతుకనీ తర్వాత తెలిసింది. ఈ పార్టీవాడు ఆ పేపరు ముట్టుకోడు, ఆ పార్టీవాడు ఈ పేపరు మీద వేరుశనక్కాయలు కూడా పోయించుకోడు. పఠన మందిరానికి ఒకప్పుడు నాలుగు పత్రికలు వచ్చేవి, ఇప్పుడు రెండు. ఆ రెండూ కలిపి చదివితే ఏం జరగలేదో మాత్రం తెలుస్తుంది. ఇదంతా నాకు కోపం. ఇప్పటికీ కోపమే. కానీ ఈ కోపం ఎంత న్యాయమైనదైనా నేను చేసినదాన్ని కడగదు.

పఠన మందిరం మా ఊరి నడుమ ఒక గది. దాన్ని చూసుకునే ఆమెను మేము లైబ్రేరియన్ అనేవాళ్లం. కాగితాల మీద ఆమెది తాత్కాలికపు పని. ఉదయం తలుపు తీసి ఊడ్చేది ఆమే, పేపర్లు బల్ల మీద పరిచేది ఆమే, సాయంత్రం తాళం వేసేది ఆమే. ఇల్లు చర్చి పక్క సందులో. భర్తకు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. నన్ను చిన్నాయనా అని పిలిచేది. నా కోసం ఆదివారం అనుబంధాలు చిరగకుండా తీసి పెట్టేది.

ఒక వేసవిలో పోస్టుమాన్‌గా చేసి రిటైరైన నా స్నేహితుడు ఒక మాట మోసుకొచ్చాడు. పాఠకులు తక్కువున్న పఠన మందిరాలను మూసి పక్క ఊళ్లలో కలిపేస్తారట. పాఠకులెందరో చూసేది రిజిస్టర్లో సంతకాలను బట్టేనట. మేము వచ్చేది ముగ్గురం. నేను, ఈ పోస్టుమాన్, చెవులు వినబడని ఒక రైతు. పోస్టుమాన్ చదివేది రాశిఫలాలు. రైతు చదివేది పంట ధరలు.

"మూడు సంతకాలకు గది ఎవరిస్తారప్పా?" అన్నాడు పోస్టుమాన్.

నేను రిజిస్టరు లాక్కుని, ఊళ్లో ఒకప్పుడు వచ్చి మానేసిన ఒక మనిషి పేరు రాసి, పక్కన సంతకం పెట్టాను.

ఆమె పరుగున వచ్చింది. "వద్దు చిన్నాయనా! ఎవరన్నా చూస్తే నా పీకల మీదికొస్తాది."

"ఎవరు చూస్తారమ్మా? రిజిస్టరు చదివే ఓపికున్నోడు పైన ఆఫీసుల్లో ఉంటే, మనకు ఈ గతి యాల పడ్తాది? నేను చూసుకుంటా, నువ్వు ఊరికే ఉండు."

ఆమె ఊరికే ఉంది. అదే ఆమె చేసిన తప్పు. నా మాట మీద ఊరికే ఉండడం.

ఆ పని నాకు అలవాటైంది. అలవాటు కాదు, ఇష్టమైంది. ఒకరిది వాలు రాత, ఒకరిది గుండ్రం. ఒకరికి ఆకుపచ్చ సిరా కలం కొన్నాను. ఎడమ చేత్తో పెడితే నిజంగానే వణికే ముసలాయన సంతకం వచ్చేది. చచ్చిపోయినవాళ్ల పేర్లు కూడా రాశాను. బతికుంటే వచ్చేవాళ్లే కదా అని సర్ది చెప్పుకున్నాను. ఎవరు ఏ పేజీ చదివిపోయారో కూడా నాలో నేను అనుకునేవాణ్ణి. ఒకరోజు వెరైటీకి ఉంటుందని ఒక వేలిముద్ర వేశాను. పోస్టుమాన్ అద్దాలు పైకి తోసి దాని వంక చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, వేలిముద్ర వేసేటోడు పేపరు చదవనీకి వచ్చినాడా?"

"బొమ్మలు చూసి పోయినాడులే."

"మంచిదే. రేపు మీ నాయన గొర్రెల్ని గూడ తోలుకురా. గిట్టల ముద్రలు వేపిద్దాం."

నవ్వుకున్నాం. ఆమె కూడా చీపురు పట్టుకుని నవ్వింది. రెండేళ్లు అట్లా గడిచింది. గది మూతపడలేదు. పైగా ఆమె పేరు పర్మనెంటు చేసే జాబితాలో ఉందని తెలిసింది. ఆ వారం చర్చిలో అందరికీ మిఠాయి పంచి, నాకు ఇంటికి తెచ్చి ఇచ్చింది.

ఇదంతా తెలిసిన మనిషిని, నేనే హిందూపురంలో మైకు ముందు ఆ మాటలన్నాను. మతిమరుపు అనుకుంటే సులువు. మరిచిపోలేదు. ఆ క్షణాన నాకు కావలసింది ఒక్కటే, ఆ మైకు కిందికి దిగకూడదు. నలభై ఏళ్లుగా నా మాటలను సగానికి కోసి, అగ్గిపెట్టెలో ఇరికించి, చివరికి పారేసినవాళ్లనే చూశాను. ఇక్కడ ఒకడు నా ముఖం వంక చూస్తూ ఇంకా గట్టిగా చెప్పమంటున్నాడు. పిచ్చి పట్టినట్టు చెప్పాను. జనాన్ని నిలబెట్టడానికి నిజంలో ఒక ముక్క తీసి ఊపుతారని ఛానళ్లను నేను ఎన్ని తిట్లు తిట్టానో!

వీడియో మర్నాడే వచ్చింది. 'దొంగ సంతకాల గుట్టు రట్టు చేసిన తాత' అని పైన ఎర్రటి అక్షరాలు. టీ అంగడి దగ్గర నాకు లేచి చోటిచ్చారు.

"ఏమప్పా, హీరో అయిపోతివి! ఎర్రమంచి ఫ్యాక్టరీ క్యాంటీన్లో అందరూ నిన్నే చూస్తాండారంట."

"పరిగిలో మా బామ్మర్ది ఫోన్ చేసినాడు, ఈ తాత మీ ఊరోడేనా అని."

రెండు రోజులు ఆ సంబరంలో ఉన్నాను. దాచడమెందుకు, సంతోషపడ్డాను. కొత్త కళ్లద్దాలతో, కింద జనం రాసినవన్నీ వేలితో జరుపుకుంటూ చదివాను. తాత నిప్పు అని ఒకరు రాశారు. ఇట్లాంటివాళ్లు ఊరికొకరుండాలని ఇంకొకరు. ఇంకా కిందికి పోతే ఆమె గురించి. ఎవరో ఊరి పేరు కనుక్కున్నారు, ఎవరో ఆమె ఫోటో పెట్టారు. ఆమె పుట్టుకనూ, పోయే చర్చినీ పెట్టి రాసిన మాటలు నేను ఇక్కడ రాయను. అవి చదివి ఫోను బోర్లించాను. ఇంకాసేపటికి మళ్లీ తీసి, నన్ను పొగిడినవి ఎక్కడున్నాయో వెతుక్కున్నాను. ఈ మాట రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది. కానీ అదే చేశాను.

మూడో రోజు పొద్దున పఠన మందిరానికి పోయాను. ఆమె పేపర్లు పరుస్తోంది. తల ఎత్తలేదు.

"చిన్నాయనా, ఎల్లుండి పై ఆఫీసు నుంచి విచారణకు వస్తాండారంట. రిజిస్టర్లన్నీ తీసి పెట్టమన్నారు. దొంగ సంతకాలు నేను పెట్టినానని తేలితే పర్మనెంటు మాట అట్లుండనీ, ఉన్న పని గూడ పోతాది."

నేను బల్ల మీది పేపరు అంచు సర్దాను.

"ఆ సంతకాలు నువ్వే గదా పెట్టింది? నేను వద్దంటి గదా?"

కోపంగా అడిగి ఉంటే నేనూ కోపంగా ఏదో అనేవాణ్ణి. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది, తనకే ఎక్కడో జ్ఞాపకం తప్పిందేమో అన్నట్టు.

"ఇప్పుడే హిందూపురం పోతా అమ్మా. ఆ వీడియో వాని చేతనే తప్పని చెప్పిపిస్తా. సవరణ వేయాల్సిందే, యాడికి పోతాడు!" అని బయలుదేరాను. ఆమె తలుపు దాకా వచ్చి నిలబడింది.

ఛానల్ ఒక సెల్‌ఫోన్ల అంగడి మీద చిన్న గది. ఆ మనిషి ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి సంబరంగా కుర్చీ వేశాడు. సవరణ వేయమన్నాను.

"సవరణ అంటే ఏంది తాతా?"

చెప్పాను. సంతకాలు ఆమె పెట్టలేదనీ, నేనే పెట్టాననీ కూడా చెప్పాను. అతను ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, తొడ మీద చరుచుకున్నాడు.

"నువ్వేనా పెట్టింది? అయ్యో, అదే చెప్పు తాతా కెమెరా ముందర! ఇప్పుడే పెడతా."

"ముందు ఆ పాతది తీసెయ్యి."

"తీసేస్తే చూసినోళ్ల తలకాయల్లో నుంచి పోతాదా? ఉండనీ. దాని కిందనే నీది పెడతా. దాన్ని చూసినోళ్లందరూ దీన్నీ చూస్తారు. ఆయమ్మకు మేలే గదా?"

నిజమే చెప్పాడు. మా ధర్మవరం వీధికి వేసిన రెండు గీతలు ఎందరు చూసి ఉంటారు? ఇతను ఆ వీడియో చూసిన అందరికీ, నా నోటితోనే, ఆ సాయంత్రానికే నిజం చేరుస్తానంటున్నాడు. ఏ పెద్ద పత్రికా ఏ పాఠకుడికీ ఇవ్వని చోటు అది. అతను కిటికీ తెర వేసి, లైటు పెట్టి, చిన్న మైకు నా చొక్కాకు తగిలించాడు. ఎదురుగా ఫోన్లో నా ముఖం కనబడుతోంది. కొత్త కళ్లద్దాలు, తెల్లటి తల. 'నిప్పు' అని రాసినవాళ్లందరూ ఆ ఫోను అద్దం వెనక వరుసగా కూర్చుని ఉన్నట్టనిపించింది. ఆమె మీద రాసిన మాటలు ఇంకొన్ని గంటల్లో నా మీదికి వస్తాయని తెలిసింది. టీ అంగట్లో నాకు లేచి ఇచ్చిన చోటు, పరిగిలో అడిగిన బామ్మర్ది, అన్నీ గుర్తొచ్చాయి.

"ఇంక చెప్పు తాతా."

"నీళ్లు తాగొస్తా నాయనా" అన్నాను. మైకు తీసి కుర్చీలో పెట్టి, మెట్లు దిగి, నేరుగా బస్టాండుకు పోయి బస్సెక్కాను.

ఊళ్లో దిగేసరికి ఆమె ఇంకా తాళం వేయలేదు. నా కోసం కూర్చుని ఉంది.

"ఏమన్నారు చిన్నాయనా?"

"వాళ్లు ఒప్పుకోలేదమ్మా" అన్నాను. అంతటితో ఆగలేదు. ఈ కాలం ఛానళ్లకు సవరణ అన్న మాటే తెలియదనీ, జనం నోరు వాడుకుని జనాన్నే పారేస్తారనీ, ఒకప్పుడు కార్డు ముక్కకు కూడా జవాబు చెప్పేవాళ్లనీ, నిలబడి చాలాసేపు చెప్పాను. చెప్పే కొద్దీ నాకే నిజమనిపించింది. ఆమె అంతా విని, "పోనీలే చిన్నాయనా, నువ్వు తిరగాల్సింది తిరిగినావు" అని తాళం వేసింది.

విచారణ రోజు మేము ముగ్గురు పాఠకులమూ అక్కడే ఉన్నాం. వచ్చిన అధికారి మంచి మనిషే. రిజిస్టర్లు తిరగేసి, ఆమె చేతికి తెల్లకాగితం ఇచ్చి, వాటిలోని పేర్లు కొన్ని రాయమన్నాడు. ఆమె రాసింది. పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇవి మీ రాత కాదు. మరి ఎవరివమ్మా?"

"వచ్చినోళ్లు పెట్టిపోతారు సార్. నేను చూసుకోలేదు."

"చూసుకోవడమే కదా మీ పని?"

అతను నా వైపు తిరిగాడు. "వీడియోలో మాట్లాడింది మీరే కదా పెద్దాయనా? మీకు ఎవరి మీదైనా అనుమానముందా?"

పోస్టుమాన్ దగ్గాడు. ఆ దగ్గు నాకే. చెవులు వినబడని రైతు కూడా ఎందుకో నా వంకే చూస్తున్నాడు.

"నాకు కచ్చితంగా తెలీదు సార్" అన్నాను.

"ఫరవాలేదు. మీలాంటి పాఠకులు గొంతెత్తబట్టే మాకు తెలుస్తోంది" అని ఆ అధికారి లేచి నాకు చెయ్యి ఇచ్చాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

బయటికొచ్చాక పోస్టుమాన్ నాతో అన్నది ఒకటే. "రేపటి నుంచి నా సంతకం నేనే పెట్టుకుంటా. నా పేరు జోలికి రావద్దు." ఆ తర్వాత అతను రావడమే మానేశాడు.

ఆ రోజే ఇంట్లో కూర్చుని నాలుగు పేజీలు రాశాను. సంతకాలన్నీ నావేనని, ఆమె ఏ పాపం ఎరగదని, పై ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. కాగితం మీద నాకు ఎప్పుడూ ధైర్యమే. జవాబు రాలేదు. ఆమె పేరు జాబితాలో నుంచి తీసేశారు. దయతలచి పనిలోంచి తీయకుండా రొళ్ల వైపు ఒక ఊరికి మార్చారు. మా ఊరి నుంచి మూడు బస్సులు మారాలి. మా పఠన మందిరం ఇప్పుడు వారానికి రెండు రోజులు తెరుస్తారు. పక్క ఊరి నుంచి ఒకతను వచ్చి రెండు గంటలు కూర్చుని పోతాడు. పేపర్లు మూడు రోజులవి ఒక్కసారి వస్తాయి.

నెల రోజులు ఆగి, ఒక పొద్దున ఆమె మడకశిర బస్సుకు నిలబడే వేళ చూసుకుని హిందూపురం బస్టాండుకు పోయాను. టిఫిన్ డబ్బా సంచి పట్టుకుని స్తంభం పక్కన నిలబడి ఉంది. చిక్కిపోయింది.

"ఏం చిన్నాయనా, ఇంత పొద్దున్నే? ఒళ్లు బాగలేదా?"

"బాగనే ఉండాది. నీకొక మాట చెప్పాలమ్మా. ఆ ఛానలోడు ఒప్పుకోలేదని చెప్పినాను గదా. ఒప్పుకున్నాడు. లైటు గూడ పెట్టినాడు. నేనే లేచొచ్చినాను."

ఆమె సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"తెలుసు చిన్నాయనా."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ దినమే. నువ్వు బస్సు దిగక ముందే ఆ ఛానలాయప్ప ఎవరి దగ్గరో నంబరు పట్టుకుని నాకు ఫోన్ చేసినాడు. 'తాత నీళ్లు తాగొస్తానని పోయి రాలేదు, మీరన్నా వచ్చి సంతకాలు ఎవరు పెట్టినారో చెప్పండి' అన్నాడు. రానంటి."

అంటే ఆ సాయంత్రం నేను నిలబడి ఛానళ్లను తిట్టిందంతా ఆమె తెలిసే విన్నది. విచారణలో చూసుకోలేదని చెప్పింది కూడా తెలిసే.

"చెప్పుంటే నీ పేరు జాబితాలో ఉండేది గదమ్మా."

"ఉండేదేమో. చెప్తే ఆ కింద నిన్ను గూడ అట్లనే రాస్తారు గదా. నా మీద రాసినవి మా బిడ్డ చదివింది. అవి చూసినాక ఇంకొకరికి రాపించబుద్ధి కాలేదు." తర్వాత ఇంకోమాట అంది, నా వంక చూడకుండా. "కానీ నువ్వు చెప్తావని కూర్చున్నా చిన్నాయనా. ఆ సార్ అడిగినప్పుడు గూడ చెప్తావనే అనుకున్నా."

బస్సొచ్చింది. సంచి అందుకోబోయాను. "నేను పట్టుకుంటాలే" అని ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది కానీ ఇటు కూర్చోలేదు, అటువైపు కూర్చుంది.

ఆ సాయంత్రమే టీ అంగడి దగ్గర, పదిమంది ఉండగా చెప్పాను. ఆ సంతకాలు నావి, ఆయమ్మవి కావు, వీడియోలో నేను చెప్పింది సగమే అని.

అంగడాయన నవ్వాడు.

"నీది మెత్తని మనసప్పా. ఆయమ్మను అంత దూరం తోలేసినారని నీ మీద వేసుకుంటాండావు."

"కాదబ్బా, నిజంగా నేనే పెట్టినా!"

"ఊరుకోప్పా. వీడియోలో నువ్వు ఎట్ల చెప్పినావో మేము చూసినాం గదా. అంత గట్టిగా చెప్పినోడివి అబద్ధం చెప్తావా?"

పక్కనున్న ఒకతను ఫోను తీసి ఆ వీడియో పెట్టాడు. నా గొంతు వచ్చింది. దయ్యాలొచ్చి పెడ్తాండాయా అని నేను అరుస్తున్నాను. అందరూ నవ్వుతూ నా వీపు తట్టారు. ఆకుపచ్చ సిరా, ఎడమ చెయ్యి, వేలిముద్ర, అన్నీ వివరంగా చెప్పాను. చెప్పే కొద్దీ ఆమె కోసం నేను ఎంత కష్టపడి కథ కట్టుకొచ్చానో అన్నట్టు చూశారు. ఎవరో లేచి నాకు కుర్చీ జరిపారు. అంగడాయన గ్లాసు తెచ్చి నా ముందర పెట్టి, చల్లారిపోతాది తాగప్పా అన్నాడు.

కూర్చుని తాగాను.